రైలుకి ఇంకా ఇరవై నిమిషాలుంది, లోపలికి వెళ్దామా?

ఈ నెల ఉత్తరాల్లో సగం పబ్బుల గురించే. తప్పు నాదే. పోయిన సంచికలో ఏదో సందర్భంలో, యార్క్ స్టేషన్ పబ్‌లో కూర్చుని మా ఆయనా నేనూ ఎక్కాల్సిన రైలు నాకొక్కదానికే తప్పిపోయిందని ఒక్క వాక్యం రాశాను. అంతే. "అక్కా, మీరు తాగుతారా?" అని నలుగురు, "మీ ఆయన మిమ్మల్ని వదిలేసి ఎలా వెళ్లారండీ?" అని ఇద్దరు.

తాగుతాను. వారానికి ఒకసారి, హాఫ్ పింట్ బిట్టర్, అంటే కాస్త చేదుగా ఉండే బీరు. మా ఆయన చుక్క ముట్టరు, ఆయనది లైమ్ సోడా. పదిహేనేళ్లుగా ఏ పబ్‌కి వెళ్లినా బీరు గ్లాసు ఆయన ముందు, లైమ్ సోడా నా ముందు పెడుతున్నారు. మేమూ ఏమీ అనకుండా మార్చుకుంటున్నాం. ఆయన నన్నెందుకు వదిలేసి వెళ్లారన్నది చివర్లో చెబుతాను.

*అక్కా, లీడ్స్‌లో ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. శుక్రవారం సాయంత్రం ఆఫీసు వాళ్లు స్టేషన్ దగ్గర పబ్‌కి రమ్మంటారు. మొదటిసారి నేను ముందే వెళ్లి టేబుల్ దగ్గర కూర్చున్నాను. పావుగంటైనా ఆర్డర్ తీసుకోవడానికి ఎవరూ రాలేదు. తర్వాత ఎవరో నాకు పింట్ కొనిచ్చారు. తిరిగి నేను కొనాలా, డబ్బులివ్వాలా అని ఒకటే టెన్షన్. నాకు ఒక్క గ్లాసు కంటే పడదు. అసలు వెళ్లడమే మానేయనా?*
*లీడ్స్ నుంచి ఒక తమ్ముడు*

మానేయకు తమ్ముడూ. కూర్చుని ఎదురుచూడటం నేనూ చేశాను. 2010 డిసెంబరు మొదట్లో షెఫీల్డ్‌లో మంచు విపరీతంగా కురిసి బస్సులు ఆగిపోయాయి. లీడ్స్ నుంచి వచ్చి రైలు దిగేసరికి ఊరంతా తెల్లగా ఉంది. ఇంటికి కొండెక్కి నడవాలి, కాళ్లకేమో ఆఫీసు చెప్పులు. స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ మీదే షెఫీల్డ్ ట్యాప్ అనే పబ్ ఉంది, అప్పటికి తెరిచి ఏడాది. 1904లో ప్రయాణికుల ఫలహారశాలగా మొదలై, తర్వాత ఏళ్ల తరబడి పాడుబడిన గదుల్ని బాగుచేసి 2009లో పబ్ చేశారు. గోడలకి టైల్స్, కౌంటర్ వెనక నల్లటి చెక్క పనితనం, పెద్ద అద్దాలు. వెచ్చగా ఉందని లోపలికెళ్లి మూల కుర్చీలో కూర్చున్నాను. ఇరవై నిమిషాలు గడిచాయి. చివరికి పక్క టేబుల్ పెద్దాయన, "లవ్, నువ్వు లేస్తే తప్ప ఇక్కడ బీరు లేవదు" అన్నాడు. ఆ మొదటి మాటకి నేను కంగారుపడ్డాను. షెఫీల్డ్‌లో బస్సు డ్రైవర్ మగవాళ్లని కూడా అలాగే పిలుస్తాడని తర్వాత తెలిసింది.

కాబట్టి కౌంటర్ దగ్గరికి నువ్వే వెళ్లాలి, అడగాలి, అక్కడే డబ్బులిచ్చి గ్లాసు నువ్వే మోసుకురావాలి. అక్కడ వరస కనిపించదు, జనం కౌంటర్ పొడవునా గుంపుగా నిలబడి ఉంటారు. కానీ ఎవరి తర్వాత ఎవరో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. బార్‌లో పనిచేసే అమ్మాయి పొరపాటున నిన్ను ముందు అడిగితే "ఆయన నాకంటే ముందొచ్చారు" అని చూపించు. ఆ ఒక్క మాటకి నీకు అక్కడ ఓటు హక్కు వచ్చేసినట్టే. చెయ్యి ఊపకు, కార్డుతో కౌంటర్ మీద కొట్టకు. టిప్ ఇవ్వక్కర్లేదు. మరీ ఇవ్వాలనిపిస్తే "మీరూ ఒకటి తీసుకోండి" అంటారు. వాళ్లు ఒక డ్రింక్ ధర కలుపుకుంటారు.

ఏం అడగాలన్నది తర్వాత. కౌంటర్ మీద పొడుగాటి పిడులు కనిపిస్తాయి కదా, చెయ్యి పంపులు. కింద సెల్లార్లో పీపాలోంచి బీరు వాటితో లాగుతారు. పీపాలో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, బీరు అక్కడే చివరి పులుపు పులుస్తుంది. దాన్నే కాస్క్ ఏల్ అంటారు. ఇంగ్లండ్‌లో వేడి బీరు తాగుతారని మనవాళ్లు వేళాకోళం చేస్తారు గానీ అది వేడి కాదు, సెల్లార్ చల్లదనం, 11 నుంచి 13 డిగ్రీలు. ఫ్రిజ్‌లోంచి తీసిన లాగర్ అలవాటైన నాలుకకి మొదట చప్పగా, చేదుగా ఉంటుంది. రెండో గుక్కకి బిస్కెట్ వాసనో, నారింజ తొక్క వాసనో తెలుస్తుంది. ఫర్కిన్ అనే చిన్న పీపాలో 72 పింట్లు పడతాయి. తెరిచాక మూడు రోజుల్లో అమ్ముడైపోవాలి, లేకపోతే పుల్లబడుతుంది. అందుకే కాస్క్ ఏల్‌కి రద్దీ ఉన్న పబ్ మంచిది, స్టేషన్ పక్క పబ్ ఇంకా మంచిది. పంపు మీద బీరు పేరున్న బిళ్లని వెనక్కి తిప్పి పెడితే అది అయిపోయిందని అర్థం, దాని గురించి అడగకు. దేన్నైనా ముందు కొంచెం రుచి చూస్తానంటే మందుల సీసా మూతంత పోసిస్తారు. కానీ శుక్రవారం ఆరింటికి వెనక పాతికమంది ఉండగా నాలుగు రకాలు రుచి చూడటం మర్యాద కాదు.

మీ యార్క్‌షైర్‌లో పంపు మూతికి చిల్లులున్న చిన్న బిళ్ల బిగిస్తారు. దాన్ని స్పార్క్‌లర్ అంటారు. దానివల్ల పైన మీగడలాంటి నురగ వస్తుంది. లండన్ వాళ్లకి నురగంటే తమని మోసం చేసినట్టు, మీవాళ్లకి నురగ లేకపోతే బీరు చచ్చిపోయినట్టు. ఈ గొడవలో నువ్వు తల దూర్చకు. నురగ మరీ ఎక్కువైతే "కొంచెం నింపండి" అని అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక రౌండ్. నలుగురు కలిసి వెళ్తే ఒక్కొక్కరు ఒక్కోసారి అందరికీ కొంటారు. డబ్బులు తిరిగివ్వబోతే నొచ్చుకుంటారు. వాళ్లకి కావాల్సింది నీ వంతు. నీకు ఒక్కటే చాలంటున్నావు కాబట్టి నా ఉపాయం విను. లోపల అడుగుపెట్టగానే "మొదటి రౌండ్ నాది" అనెయ్. ఇరవై, పాతిక పౌండ్లు అవుతాయి. అక్కడితో నీ బాకీ లేదు, ఎప్పుడు లేచినా పారిపోయాడని ఎవరూ అనరు. తర్వాత ఎవరైనా నీకు కొంటానంటే లైమ్ సోడా చెప్పు, వాళ్లకీ ఖర్చు తగ్గుతుంది. హాఫ్ అడగడానికి సిగ్గుపడకు. పింట్ 568 మిల్లీలీటర్లు, హాఫ్ 284. ఇక్కడ ఆల్కహాల్‌ని యూనిట్లలో లెక్కేస్తారు, నాలుగు శాతం బీరు ఒక పింట్ తాగితే రెండు యూనిట్ల పైనే. వారానికి 14 యూనిట్లు దాటొద్దని ఇక్కడి వైద్యాధికారులు 2016 నుంచి చెబుతున్నారు.

స్టేషన్ పబ్ నాకు ఎందుకిష్టమో కూడా చెబుతాను. మన ఇళ్లల్లో లేవాలంటే కనీసం మూడుసార్లు "ఇక వెళ్తాం" అనాలి, మూడుసార్లు "అప్పుడేనా" అనిపించుకోవాలి. ఇక్కడ గడియారం వైపు చూసి "నాది 6.42" అంటే చాలు. మధ్యలో ఉన్న మాటైనా సరే అక్కడే ఆగిపోతుంది, ఎవరూ బతిమాలరు. తాగనివాడికీ, తక్కువ తాగేవాడికీ రైలంత మంచి స్నేహితుడు లేడు. కారుండదు కాబట్టి ఆ భయమూ లేదు.

*ఆంటీ, మా మామగారు ఇండియా నుంచి వచ్చారు. స్టేషన్ దగ్గర పబ్‌కి తీసుకెళ్తే రాత్రి బార్ వాళ్లు గంట కొట్టారు. బడి గంటలా ఏమిటిది, పెద్దవాళ్లని పిల్లల్లా తరిమేస్తారేమిటని ఆయన చిన్నబుచ్చుకున్నారు. ఎందుకు కొడతారు?*
*కార్లైల్ నుంచి ఒక కోడలు*

అమ్మా, ఈ ప్రశ్న మీ ఊరి నుంచే రావడం భలేగా ఉంది. కథలో సగం మీ ఊళ్లోనే జరిగింది, మామగారికి చెప్పండి.

ముందు గంట సంగతి. ఒకసారి మోగితే "ఆఖరి ఆర్డర్లు చెప్పుకోండి" అని. రెండోసారి మోగితే బార్ మూసినట్టు, చేతిలో ఉన్నది తాగి లేవాలి. ఇంగ్లండ్‌లో చాలాకాలం ఆ మూసే వేళ రాత్రి పదకొండు. లైసెన్సు చట్టం మారి 2005 నవంబరులో అమల్లోకి వచ్చాక ఎవరి లైసెన్సులో ఉన్న వేళలు వాళ్లవి. గంట మాత్రం పోలేదు.

అంత కచ్చితమైన వేళలు మొదటి ప్రపంచ యుద్ధం నాటివి. మందుగుండు కార్మికులు తాగి పనికి రావడం లేదని ప్రభుత్వానికి దిగులు పట్టుకుంది. మనం జర్మనీ, ఆస్ట్రియా, తాగుడు అనే ముగ్గురు శత్రువులతో పోరాడుతున్నాం, ముగ్గురిలో పెద్ద శత్రువు తాగుడే అన్నాడు అప్పటి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ 1915లో. రాజు అయిదో జార్జ్ యుద్ధం అయ్యేదాకా మందు మానేశాడు. పబ్బులు మధ్యాహ్నం రెండున్నరకి మూసి మళ్లీ సాయంత్రం తెరవాలన్నారు. ఆ మధ్యాహ్నం మూత 1988 దాకా పోలేదంటే నమ్ముతారా? ఇంకో ఆంక్ష కూడా పెట్టారు, ఒకరు ఇంకొకరికి డ్రింక్ కొనకూడదని. పైన లీడ్స్ తమ్ముడు ఏ రౌండ్ గురించి టెన్షన్ పడుతున్నాడో అది 1915లో నేరం! అప్పుడు పుట్టి ఉంటే హాయిగా ఉండేవాడు.

ఇప్పుడు మీ ఊరు. దగ్గర్లో గ్రెట్నాలో బ్రహ్మాండమైన మందుగుండు కర్మాగారం కట్టారు. అక్కడి కూలీలు సాయంత్రం రైళ్లలో కార్లైల్ దిగేవారు. స్టేషన్ దగ్గరి ఒక బార్‌లో రైలు వచ్చే వేళకి వందల గ్లాసుల్లో విస్కీ ముందే పోసి వరసగా పెట్టి ఉంచేవారని చెబుతారు. రైలు ఆగడం, జనం పరిగెత్తడం, గ్లాసులు ఖాళీ కావడం! చూసి చూసి 1916లో ప్రభుత్వం ఆ ప్రాంతంలోని పబ్బులనీ, బీరు కాచే కర్మాగారాలనీ తనే కొనేసింది. మేనేజర్లు జీతగాళ్లు, ఎక్కువ అమ్మితే వాళ్లకి లాభం లేదు. యుద్ధం రెండేళ్లకే అయిపోయింది, సర్కారు పబ్బులు మాత్రం 1973 దాకా నడిచాయి. తాత్కాలికంగా అని మొదలుపెట్టిన ప్రభుత్వ పథకం ఎన్నాళ్లుంటుందో మామగారికి మనం చెప్పక్కర్లేదు.

ఇంకో ముక్క. రైలుకీ మద్యనిషేధానికీ కూడా చుట్టరికం ఉంది. తర్వాత ట్రావెల్ ఏజెంటుగా పేరుపడ్డ థామస్ కుక్ 1841 జులైలో లెస్టర్ నుంచి లఫ్‌బరోకి దాదాపు 500 మందిని తలా ఒక షిల్లింగ్‌కి రైల్లో తీసుకెళ్లాడు. ఆయన మొదటి విహారయాత్ర అది. వెళ్లింది ఎక్కడికనుకున్నారు? మద్యవ్యతిరేక సభకి.

*అక్కా, నేను స్టూడెంట్‌ని. రాత్రి రైలు ఆలస్యమైతే స్టేషన్ బయట చలిలో నిలబడలేక పబ్‌లోకి వెళ్లాలనిపిస్తుంది. ఆడపిల్ల ఒక్కతే వెళ్తే ఏమనుకుంటారు?*
*నాటింగమ్ నుంచి*

ఏమీ అనుకోరు తల్లీ. పుస్తకం తెరుచుకుని కూర్చో. కాఫీ కూడా చాలాచోట్ల దొరుకుతుంది.

ఎప్పుడూ ఇలాగే లేదులే. పాత పబ్బుల్లో స్నగ్ అని చిన్న గది ఉంటుంది, తలుపుకి గరుకు అద్దం. ఆడవాళ్లు నలుగురి కళ్లూ పడకుండా తాగాలంటే అక్కడ కూర్చునేవారు. లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్‌లోని ఎల్ వీనో అనే వైన్ బార్‌లో ఆడవాళ్లు కౌంటర్ దగ్గర నిలబడి కొనడానికి వీల్లేదు, వెనక గదిలో కూర్చుంటేనే ఇస్తామనేవారు. అది చట్టవిరుద్ధమని అప్పీలు కోర్టు చెప్పేసరికి 1982 వచ్చింది. నేను పుట్టిన చాలా ఏళ్లకి!

రెండు జాగ్రత్తలు. 18 నిండితే చాలు గానీ, పాతికలోపు దానిలా కనిపిస్తే ఐడీ అడుగుతారు. పాస్‌పోర్ట్ పట్టుకు తిరగకు, ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్స్ తీసుకో. ఎవరైనా ఇబ్బంది పెడితే కౌంటర్ దగ్గరికెళ్లి "ఏంజెలా ఉందా?" అని అడుగు. ఆ పేరుతో అక్కడ ఎవరూ ఉండరు, నీకు సాయం కావాలని దాని అర్థం. లింకన్‌షైర్‌లో 2016లో మొదలైన పద్ధతి ఇది, ఇప్పుడు చాలా పబ్బుల్లో ఉంది. ఆ మాట గుర్తురాకపోయినా ఫర్వాలేదు, నేరుగా చెప్పినా సాయం చేస్తారు.

*మేడమ్, మేము శాకాహారులం. మా ఆయన అప్పుడప్పుడూ బీరు తాగుతారు. బీరు శాకాహారమేనా? పబ్‌లో మేమేం తినొచ్చు?*
*షెఫీల్డ్ నుంచి ఒక గృహిణి*

చెబితే మీ ఆయన నా మీద కోప్పడతారేమో. కాస్క్ ఏల్ తేటపడటానికి ఐసిన్‌గ్లాస్ అనే పదార్థం వేస్తారు. అది చేప పొట్టలోని గాలితిత్తి నుంచి తీసేది. ఈస్ట్‌ని పట్టుకుని అడుక్కి దిగిపోతుంది, గ్లాసులోకి వచ్చేది నామమాత్రం. అయినా నియమం నియమమే కదా. అది వేయని బీర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, కాస్త మబ్బుగా ఉంటాయి. "వీగన్ ఏది?" అని అడిగితే బార్ వాళ్లు చూసి చెబుతారు. గిన్నెస్ వాళ్లూ ఇప్పుడు దాన్ని వాడటం లేదు.

తిండి విషయంలో ఒక్క హెచ్చరిక. కౌంటర్ వెనక వేలాడే సంచుల్లో మన వడియాల్లా బంగారు రంగులో, ఉబ్బి కరకరలాడేవి ఉంటాయి. పోర్క్ స్క్రాచింగ్స్, అంటే పంది చర్మం. మా అత్తగారు "ఇక్కడ కూడా వడియాలా!" అని ఒకటి నోటిదాకా తీసుకెళ్లారు. నేను చెయ్యి పట్టుకున్న వేగానికి పక్కవాళ్ల గ్లాసు ఒలికింది, వాళ్లకి కొత్త పింట్ కొనిచ్చాను. చిప్స్ కూడా ఏ నూనెలో వేయించారో అడగండి. యార్క్‌షైర్‌లో కొందరు గొడ్డు కొవ్వులో వేయిస్తారు. క్రిస్ప్స్ (మన ఊళ్లో చిప్స్ అనేవి) ప్యాకెట్‌ని నిలువునా చింపి టేబుల్ మధ్యలో పరిస్తే అందరూ తినమని పిలిచినట్టు. ఒక్కరే గుప్పిట్లో పెట్టుకుని తింటే పిసినారి అనుకుంటారు.

*గ్లాసు పట్టుకుని రైలెక్కొచ్చా?*
*క్రాయిడన్ నుంచి*

పబ్ గ్లాసు పబ్‌దే బాబూ. లండన్ ట్యూబులో అయితే తెరిచిన సీసా, డబ్బా కూడా కుదరవు, 2008 జూన్ నుంచి నిషేధం. మిగతా రైళ్లలో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, ఫుట్‌బాల్ మ్యాచ్ రోజుల్లో మరీ. తూలుతూ వెళ్తే అసలు ఎక్కనివ్వకపోవచ్చు.

*అమ్మానాన్నలు నెల రోజులకి వస్తున్నారు. ఇద్దరూ తాగరు. అయినా ఒక పాత పబ్ చూపించమంటున్నారు. రైల్లో వెళ్లి చూసి రాగలిగేవి చెప్పండి.*
*మాంచెస్టర్ నుంచి ఒక పాఠకుడు*

మీకు అన్నిటికంటే దగ్గర స్టాలీబ్రిడ్జ్. ప్లాట్‌ఫామ్ మీదే 1885 నాటి బఫే బార్ ఉంది. చిన్నది, లోపల నిప్పుగూడు. నాన్నగారికి అదే నచ్చుతుంది. అదే దారిలో ముందుకెళ్తే హడర్స్‌ఫీల్డ్. గుడి మండపంలా స్తంభాలతో ఉన్న స్టేషన్, దానికి అటొక పబ్, ఇటొక పబ్, ద్వారపాలకుల్లా. న్యూకాజిల్ స్టేషన్‌లోని సెంచూరియన్ 1893లో ఫస్ట్ క్లాస్ ప్రయాణికుల విశ్రాంతి గది. నేల నుంచి పైదాకా టైల్స్, అమ్మగారు ఫోటోలు ఆపరు. ఎప్పుడైనా బెల్ఫాస్ట్ వెళ్తే గ్రేట్ విక్టోరియా స్ట్రీట్‌లో క్రౌన్ అనే పబ్ తప్పకుండా చూపించండి. 1978 నుంచి పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ ఆస్తి. గ్యాస్ దీపాలు, తలుపులున్న చెక్క గదులు, వాటిలో బార్ మనిషిని పిలవడానికి పాతకాలపు గంట మీటలు. లీడ్స్ తమ్ముడు కూర్చుని ఎదురుచూడాల్సింది అక్కడ!

యార్క్ మాత్రం నా ఓటు. యార్క్ ట్యాప్ 1907 నాటి టీ గది, 2011లో పబ్ అయింది. పైకప్పులో రంగుటద్దాల గోపురాలు, మధ్యలో గుండ్రటి కౌంటర్. పగటిపూట వెళ్లండి, పైనుంచి రంగులు టేబుల్ మీద పడతాయి. మా కథ జరిగింది అక్కడే. కూర్చున్న చోటు నుంచి రైలు కనిపిస్తోందని నేను ధీమాగా ఉన్నాను. ఇక్కడి రైళ్లు బయలుదేరే వేళకి కాస్త ముందే తలుపులు మూసేస్తాయని మా ఆయన చెబుతూనే ఉన్నారు. నేను "ఇంకో రెండు గుక్కలు" అన్నాను. ఆయన లేచి, సంచీ భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా నడిచారు. నేను వెనకే వస్తున్నానని అనుకున్నారట. తలుపులు మూసుకున్నాక కిటికీలోంచి ఆయన ముఖం చూడాలి మీరు. నా దగ్గర టికెట్ లేదు, రెండూ ఆయన జేబులోనే. ఫోన్‌లో కొత్త టికెట్ కొనుక్కుని, మిగిలిన బిట్టర్ తాగి, ఆయన వదిలేసిన లైమ్ సోడా కూడా తాగి, తర్వాతి రైలెక్కాను.